ఏనుక్కి వండిపెట్టే కొలువు

అనగనగా ఒక ఊరుండేదర్రా. ఆ ఊళ్ళో పైడితల్లి అని ఒక కోడలుపిల్ల. మొగుడు తాటిచెట్టు మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. అత్త ముసలిది. పొయ్యి ఒకపూట వెలిగితే ఇంకోపూట వెలగదు. ఊ కొడుతున్నారా? కొట్టండి మరి.

అప్పుడేమో రాజుగారి ఏనుగు లచ్చికి వండిపెట్టే ముసలమ్మ పోయింది. ఆనాటినుంచీ లచ్చి ముద్ద ముట్టదు. చెరకు పెట్టారు, ముట్టలేదు. బెల్లం పెట్టారు, ముట్టలేదు. అరటిగెల పెట్టారు, తొండంతో అవతలికి నెట్టేసింది. రాజుగారు బెంగపడి, కొత్త వంటమనిషిని చూడమని మంత్రితో చెప్పాడు.

ముగ్గురు మంత్రి దగ్గరికి వెళ్ళారు. మొదటావిడ వెయ్యి ఏనుగులకి వండానంది. ఒక ఏనుగు పూటకెంత తింటుందమ్మా అంటే, గిన్నెడు అంది! నవ్వకండర్రా, పడుకున్నవాళ్ళు లేస్తారు. రెండో ఆవిడ మహా భయస్తురాలు. ఏమడిగినా చిత్తం, చిత్తం. ఏనుగు మాంసం తింటుందా అని మంత్రి కావాలని అడిగితే, దానికీ చిత్తమే.

ఇక పైడితల్లి. ఒక్క అబద్ధం ఆడితే పనొస్తుందేమోనని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

“ఏనుక్కెప్పుడూ వండలేదు బాబూ. పెళ్ళిళ్ళలో రెండొందల మందికి వండాను. దూడ పోయి మా గేదె మేత మానేస్తే, పక్కన కూచుని కబుర్లు చెబుతూ తినిపించాను. ఒక మాట అడగొచ్చా? ఆ ముసలమ్మ లచ్చికి ముద్దెలా పెట్టేది?”

ఆ మాట అంతవరకూ ఎవరూ అడగలేదు! మంత్రి మావటిని పిలిచి కనుక్కున్నాడు. పేరు పెట్టి పిలిచేదిట, ఇంటి సంగతులన్నీ చెప్పేదిట. సరే, కబురు చేస్తామన్నాడు.

ఒకరోజు గడిచింది, కబురు లేదు. రెండోరోజు గడిచింది, లేదు. మూడోరోజూ లేదు. నువ్వు నచ్చలేదేమోనే తల్లీ అని అత్త కళ్ళు తుడుచుకుంది. పైడితల్లికీ ఏడుపొచ్చింది. అయినా నాలుగోనాడు పొద్దున్నే తల దువ్వుకుని తనే వెళ్ళింది.

“తొందరపెట్టడానికి రాలేదు బాబూ. వద్దనుకుంటే చెప్పండి, ఇంకో పని వెతుక్కుంటాను.”

“ఏనుగు పని తెలీదన్నావు కదమ్మా, అందుకే వెనకాడుతున్నాను,” అన్నాడు మంత్రి.

“తెలీదు బాబూ. మావటి చూపిస్తే నేర్చుకుంటాను. ఒక్కపూట పెట్టనిచ్చి చూడండి.”

సరేనన్నాడు. పైడితల్లి ముద్ద చేసుకుని, లచ్చీ అని పిలిచి, మొగుడి కాలు సంగతి, అత్త దగ్గు సంగతి చెప్పుకుంటూ కూచుంది. లచ్చి వింది. చెవులాడించింది. మెల్లిగా తొండం చాపి, ముద్ద అందుకుంది!

కొలువు పైడితల్లిదే. ఆ చిత్తం ఆవిడుందే, ఆవిణ్ణి కూడా సాయానికి పెట్టించుకుంది, పాపం భయస్తురాలని. మొగుడి కాలు కుదురుకుంది, అత్త కడుపు నిండింది, లచ్చి బొద్దుగా తయారైంది.

కాబట్టి బంగారాలూ, తెలీనిది తెలీదని చెప్పడానికి సిగ్గెందుకు? తెలిసింది మాత్రం గొంతు విప్పి చెప్పండి. కథేమో కంచి దారి పట్టింది, మనం దుప్పట్లోకి దూరదాం పదండి.