పుల్లయ్య భూపతి బారసాల

పైడికొండ రాజు భైరవ భూపతికి కొడుకు పుట్టి పందొమ్మిది రోజులైంది. ఇరవయ్యొకటో నాడు బారసాల. పందిరి వేశారు, వంటవాళ్లు దిగారు, ఉయ్యాలకు పూలు కట్టారు. పిల్లాడి పేరు మాత్రం తెగలేదు.

పేరు పెట్టేది తానేనంది రాణి నాగాంబ. ఆమె కోరిన పేరు పుల్లయ్య.

రాజమాత గుండెలు బాదుకుంది. "పుల్లాకు, అంటే ఎంగిలి విస్తరాకు పేరా నా మనవడికి! ముత్తాతల కాలం నాటి మోటు పేరు! నలుగురిలో తలెత్తుకోగలమా?"

రాజుగారూ తల్లి పక్షమే. "రేపు వాడు సింహాసనం ఎక్కితే 'పుల్లయ్య భూపతి' అని చాటించాలా? శత్రువులు నవ్వి చస్తారు!"

రాజుగారి పక్కన తాంబూలం పెట్టె పట్టుకుని నిలబడే ఓబన్నకు నోరు ఊరుకోదు కదా.

"నవ్వి చస్తే మంచిదే కదా ప్రభూ, మన సైన్యానికి శ్రమ తప్పుతుంది."

సభంతా కిసుక్కుమంది. ఆస్థాన పండితుడు అభినవ విద్యాసముద్రులు మాత్రం మూతి ముడిచాడు. ఆయన అప్పటికే 'రాజరాజ ప్రచండ మార్తాండ విజయ ప్రతాప' అని మొదలయ్యే పేరొకటి తాటాకు నిండా రాసుకొచ్చాడు. "ప్రభూ, ఆ మోటు పేరు నా నోట వస్తే గంగ నీళ్లతో పుక్కిలించినా మైల పోదు" అన్నాడు.

రాజుగారికి సరదా పుట్టింది. "సరే, ఇదే పందెం. బారసాల ముగిసేలోగా విద్యాసముద్రులవారు అందరి ముందూ ఆ పేరు గౌరవంగా పలికితే, అదే పేరు. పలక్కపోతే తాటాకు పేరు."

ఆ సాయంత్రం రాణిగారు ఓబన్నను పిలిపించారు.

"ముందు పుట్టిన ఇద్దరికీ గొప్ప గొప్ప పేర్లే పెట్టాం ఓబన్నా. ఆ పేర్లతో పిలుచుకోవడానికి బిడ్డలు మిగల్లేదు. వీడు పుట్టగానే మంత్రసాని విస్తరాకులో దొర్లించింది, ముక్కు కుట్టింది. ఎంగిలాకు బిడ్డ మనకెందుకని యముడు చూపు తిప్పుకుంటాడట. నిజమో అబద్ధమో నాకు తెలియదు. నాకు భయంగా ఉంది, అంతే."

ఓబన్న చేతులు జోడించాడు. ఆ పేరు పండితులవారి నోటే పలికిస్తానని మాటిచ్చాడు.

మర్నాడు సభలో విద్యాసముద్రులకు తాంబూలం అందిస్తుంటే ఆయన ముందుకు వంగాడు. కిటికీలోంచి ఎండ ముఖాన పడింది. కుడి ముక్కుపుటం మీద ఎప్పుడో పూడిపోయిన చిన్న చిల్లు!

మగవాడికి ముక్కు ఊరికే కుట్టరు. ఓబన్న ఆకు చేతిలో పెట్టి, సున్నం ఇవ్వడం మరిచిపోయి, నేరుగా రాజుగారి చెవి దగ్గరికి వెళ్లాడు.

"ప్రభూ, తాటాకంత పేరు కట్టిన పండితులకు ఉత్త చేతులు చూపిస్తామా? బారసాల పీటల మీదే ఏటి ఒడ్డు అగ్రహారం ధారపోయండి."

రాజుగారు సరేనన్నారు. ఏటి ఒడ్డు అగ్రహారమంటే మాటలా! నిండా కొబ్బరి తోటలు. విద్యాసముద్రులు ఆ రాత్రి నిద్రపోలేదని వినికిడి.

బారసాల నాడు పురోహితుడు చెంబు ఎత్తాడు. విద్యాసముద్రులు దోసిలి పట్టాడు.

"గోత్రం?"

"కౌండిన్యస."

"పేరు?"

"అభినవ విద్యాసముద్ర!"

"అది బిరుదు స్వామీ. ఉయ్యాల్లో పెట్టిన పేరు కావాలి. బిరుదుకు ధారపోస్తే అగ్రహారం బిరుదుకే పోతుంది, మీకు రాదు."

విద్యాసముద్రులు చుట్టూ చూశాడు. పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు.

"కాస్త గట్టిగా స్వామీ" అన్నాడు ఓబన్న. "కొబ్బరి చెట్లకు వినపడొద్దూ!"

పండితుడు కళ్లు మూసుకున్నాడు.

"పుల్లయ శర్మ."

నీళ్లు ధార కట్టాయి. ఆ వెనకే నవ్వులూ. రాణిగారి చేయి ఉయ్యాల తాడు మీద బిగుసుకుంది.

"ఆగండి!" విద్యాసముద్రులు ముఖం కందగడ్డ చేసుకున్నాడు. "నాకు ముందు ముగ్గురు పోయారని మా అమ్మ చేసిన పని ఇది. గత్యంతరం లేక పలికాను. గౌరవంగా పలికానా? లేదు! పందెం నాదే!"

రాజుగారు ఆలోచనలో పడ్డారు. మాట నిజమే మరి. రాణిగారి ముఖం వాడిపోయింది.

ఓబన్న చేతులు కట్టుకుని, మహా వినయంగా అన్నాడు. "ఓడిపోయాను స్వామీ, ఒప్పుకుంటున్నాను. అంత మోటు పేరు ఎవరికీ వద్దు. మీ కోడలుగారు నిండు నెలలతో ఉన్నారట కదా. మగపిల్లాడు పుడితే, పాపం, వాడికైనా ఈ తాటాకు పేరు పెట్టి ఆ పుల్లయ్య గొడవ మీ వంశంలో వదిలించుకోండి."

"ఏం కూశావ్?" విద్యాసముద్రులు ఒక్క ఉదుటున లేచాడు. "తాత పేరుండగా మనవడికి ఇంకెవరి పేరో పెడతారా? మా ఇంటి పెద్ద మనవడికి తాత పేరే రావాలి. పుల్లయ్య అనే పెడతాను! పుల్లయ్య అనే పిలుస్తాను! మా అమ్మ నోరారా పిలిచిన పేరు. దానికి వంక పెట్టడానికి నువ్వెవడివిరా?"



ఓబన్న రాజుగారి వైపు తిరిగాడు.

"ఇంతకంటే గౌరవంగా నేను కూడా పలకలేను ప్రభూ."

రాజుగారు పీట మీద పడీపడీ నవ్వారు. పండితుడు నోరు తెరిచి, మూసి, చివరికి తనే నవ్వేశాడు. ఆయన కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. రాజుగారు తన చేతి కంకణం తీసి ఓబన్నకు తొడిగారు. రాణిగారు కొంగుతో కళ్లు ఒత్తుకుంటుంటే, అందరికంటే ముందు ఉయ్యాల మీదికి వంగింది రాజమాతే.

"ఒరేయ్ పుల్లిగా, లేవరా, నీకు పేరు పెట్టారు!"