ఎర్రక్క అడిగిన ప్రశ్న

అనగనగా ఒక అడవిలో రెండు గోదాలూ, వాటి మధ్య ఒక తెగని గొడవా ఉండేవి.

వాగుకు ఈ పక్క గోదా ఎలుగుబంటి బొచ్చయ్య మాస్టారిది. ఆయన జూడో నేర్పేవాడు. ఎదుటివాడి చొక్కా పట్టుకో, తూకం తప్పించు, ఎత్తి పడెయ్! ఆ పక్క గోదా కొండచిలువ మెలికమ్మది. ఆమె బ్రెజిలియన్ జియు-జిట్సు నేర్పేది. ఎదుటివాణ్ణి నేల మీదికి తెచ్చుకో, చుట్టుకో, వాడు ఓటమి ఒప్పుకునేదాకా వదలకు! ఏ విద్యను ఏ వలస కొంగ ఏ దేశం నుంచి మోసుకొచ్చిందో గానీ, అడవిలో సగం మంది ఇటు చేరారు, సగం మంది అటు చేరారు. రెండు చోట్లా అందరూ మందపాటి గోనె చొక్కాలే తొడుక్కునేవారు. వాదన మాత్రం ఆగేది కాదు.

"నిలబడి గెలవడం చేతకానివాళ్లే నేల మీద దొర్లుతారు" అనేవాడు కోతి కిట్టప్ప. అతను బొచ్చయ్య మాస్టారి మొదటి శిష్యుడు.

"పడేశాక ఏం చేస్తావురా? మెడలో దండ వేస్తావా?" అనేవాడు ఉడుము ఓబులేసు. అతను మెలికమ్మ మొదటి శిష్యుడు.

ఆ ఏడు ఎండలు ముదిరాయి. వాగు ఎండిపోయింది. ఇసుకలో ఒకే ఒక్క చెలమ మిగిలింది. దాని పక్కన బావురుపిల్లి గండప్ప తిష్ఠ వేశాడు. గండప్పకు బలమూ ఎక్కువే, నోరూ ఎక్కువే.

"ఈ నీళ్లు నావి. కావాలంటే నాతో కుస్తీ పట్టి గెలవండి" అన్నాడు.

అడవికి పెద్ద తాబేలు తాత. ఆయన నియమాలు చెప్పాడు. "బరిలోకి గురువులు దిగకూడదు, దిగినవాళ్లు గోనె చొక్కా తొడుక్కోవాలి. గోళ్లు వాడకూడదు. పళ్లు వాడకూడదు. నేలను మూడుసార్లు తట్టినవాళ్లు ఓడినట్టు. బరి చుట్టూ గీసిన గీత దాటినా ఓడినట్టే. ఒక్కొక్కరికి ఒక్కటే అవకాశం."

పెద్ద జంతువులు రెండు కొండలు దాటి నదికి పోయేవి. ముంగిస ఎర్రక్కకు ఆ వీలు లేదు. ఆమెకు మూడు పసికూనలు. కళ్లు తెరిచి వారం కాలేదు. రోజూ ఎర్రక్క ఒక్కతే నదికి పరుగెత్తేది. నీళ్లలో మునిగి, తడి ఒంటితో పరుగెత్తుకొచ్చేది. పిల్లలు ఆ తడి నాకేవి. దారిలోనే ఎండకు సగం తడి ఆరిపోయేది. రోజురోజుకీ పిల్లల నాలుకలు ఎండిపోతున్నాయి.

ఎర్రక్క ఏడుస్తూ కూర్చోలేదు. నేరుగా బొచ్చయ్య మాస్టారి దగ్గరికి వెళ్లింది.

"మాస్టారూ, మీ విద్య నేర్చుకున్నవాళ్లు ఎక్కడ ఓడిపోతారు?"

"ఓడిపోవడమా! మావాళ్లు ఓడరు!" అని మాస్టారు గుర్రుమన్నాడు.

వాగు దాటి మెలికమ్మను అడిగింది. మెలికమ్మ తల పైకెత్తి బుసకొట్టింది. "ముంగిసవి! నా గోదాకే వచ్చి నా విద్యకు వంక పెడతావా? ఫో!"

మర్నాడు కిట్టప్ప బరిలోకి దిగాడు. అడవి మొత్తం చెలమ చుట్టూ మూగింది. కిట్టప్ప గండప్ప చొక్కా పట్టాడు, గిర్రున తిరిగాడు, నడుము మీద నుంచి విసిరాడు. ధబ్! గండప్ప వెల్లకిలా పడ్డాడు. జనం ఈలలు వేశారు! జూడో గోదాలో అలా పడేస్తే ఆట అయిపోయినట్టే. అలవాటు ప్రకారం కిట్టప్ప వెనక్కి తిరిగి, మాస్టారికి వంగి దండం పెట్టాడు. వంగినవాడి మెడ మీద గండప్ప చెయ్యి పడింది. ఊపిరాడక కిట్టప్ప నేలను టపటపా మూడుసార్లు తట్టాడు.

"పడేశాను కదా, తాతా!" అని మొత్తుకున్నాడు.

"వాడు తట్టలేదు కదరా, నాయనా" అన్నాడు తాబేలు తాత.

ఆ మర్నాడు ఓబులేసు వచ్చాడు. రావడం రావడమే ఇసుకలో వెల్లకిలా పడుకుని నాలుగు కాళ్లూ పైకెత్తాడు. "రా, గండప్పా! రా చూద్దాం! ఒక్కసారి నా పట్టులో చిక్కు!"

గండప్ప రాలేదు. చెలమ దగ్గర కూర్చుని చల్లగా నీళ్లు తాగాడు. మూతి తుడుచుకున్నాడు. మళ్లీ తాగాడు. ఓబులేసు దేక్కుంటూ ముందుకొస్తే రెండడుగులు పక్కకు జరిగాడు. సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. ఇసుక పెనంలా కాలింది. వీపు చురుక్కుమంటే ఓబులేసు లేచి చెట్టు నీడకు పరుగు తీశాడు. గీత దాటిపోయాడు!

ఆ సాయంత్రం రెండు గోదాల్లోనూ వాదనలు లేవు. ఎర్రక్క మళ్లీ మాస్టారి దగ్గరికి వచ్చింది. మళ్లీ అదే ప్రశ్న వేసింది.

ఈసారి మాస్టారు ఆమెను కూర్చోమన్నాడు. తర్వాత అన్నాడు. "పడేశాక ఏం చెయ్యాలో మావాడికి అలవాటు లేదమ్మా. నేనే సరిగా అలవాటు చెయ్యలేదు."

మెలికమ్మ కూడా నిజం చెప్పింది. "ఎదుటివాడు తనంతట తాను కిందికి వస్తాడని మావాడు చూస్తూ కూర్చున్నాడు. కిందికి లాగడం మీద నేనే శ్రద్ధ పెట్టలేదు."

"అయితే నాకు పది రోజులు టైమివ్వండి. అంతకు మించి నా పిల్లలు ఆగలేరు" అంది ఎర్రక్క.

మొదటి మూడు రోజులూ మాస్టారు పడటమే నేర్పాడు. "పడేటప్పుడు చేత్తో నేలను ఒక్క చరుపు చరువు. దెబ్బ చేతికి పోతుంది, నడుము బతుకుతుంది." ఎర్రక్క రోజుకు వందసార్లు పడింది. తర్వాత మూడు రోజులు ఒకే ఒక్క పట్టు. ఎదుటివాడి కింద దూరి, నడుము మీద నుంచి విసరడం. "నువ్వు పొట్టిదానివి. కింద దూరడానికి నీ అంత వీలు ఎవరికుంది!" అన్నాడు మాస్టారు.

ఏడో రోజు ఎర్రక్క మెలికమ్మ ముందు నిలబడింది. ముంగిసా, పామూ! ఇద్దరికీ ఒళ్లు బిగుసుకుపోయింది.

"నిన్ను చుట్టుకోవాలి. లేకపోతే నేర్పలేను" అంది మెలికమ్మ.

"చుట్టుకో. తడితే వదులుతావా?"

"తట్టినవాళ్లను వదలకపోతే అది విద్య ఎలా అవుతుందే? వేట అవుతుంది."

మెలికమ్మ చుట్టుకుంది. ఎర్రక్క కళ్లు బైర్లు కమ్మాయి. టప్, టప్, టప్! మూడో దెబ్బకల్లా చుట్లన్నీ వదులైపోయాయి. ఎర్రక్క దగ్గింది, దుమ్ము దులుపుకుంది. "ఇంకోసారి" అంది.

పదకొండో రోజు పొద్దున్నే ఎర్రక్క గోనె చొక్కా బిగించి బరిలోకి వచ్చింది. గండప్ప పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏంటే, కోతి పోయి ముంగిస వచ్చిందా? నీ తోక కూడా నా మీసమంత లేదు!"

"మీసంతో కాదులే, చేతులతో రా" అంది ఎర్రక్క.

గండప్ప ఒక్క ఉదుటున వచ్చి ఆమెను ఎత్తి పడేశాడు. ఎర్రక్క చేత్తో నేలను చరిచింది. ఫట్!

"తట్టింది! తట్టేసింది!" అంటూ గండప్ప చేతులు పైకెత్తి జనం వైపు తిరిగాడు.

"అది ఒక్క చరుపే. ఆట అవలేదు!" అని తాబేలు తాత అరిచాడు.

గండప్ప మళ్లీ ఇటు తిరిగేసరికి ఎర్రక్క అతని కిందే ఉంది! చొక్కా చేతుల్లో ఉంది. నడుము నడుముకు ఆనింది. గిర్రున తిరిగింది. ధబ్! గండప్ప వెల్లకిలా పడ్డాడు.

"దండం పెట్టకు!" అని బరి ఈ పక్క నుంచి కిట్టప్ప కేక.

"పడుకుని చూడకు!" అని ఆ పక్క నుంచి ఓబులేసు కేక.

ఎర్రక్క దండమూ పెట్టలేదు, చూస్తూనూ కూర్చోలేదు. గండప్పతోపాటే నేల మీదికి వచ్చింది. వీపుకు అతుక్కుంది. కాళ్లు నడుముకు చుట్టింది. చొక్కా అంచు మెడ చుట్టూ తెచ్చి బిగించింది. గండప్ప దొర్లాడు. ఎర్రక్క కూడా దొర్లింది. గండప్ప లేచాడు. ఎర్రక్క వీపు మీదే ఉంది. గండప్ప మోకాళ్ల మీద కూలాడు. మీసాలు వణికాయి.

టప్. టప్. టప్.

మూడో దెబ్బకల్లా ఎర్రక్క వదిలేసింది. అడవి అడవంతా గంతులేసింది! బొచ్చయ్య మాస్టారు మెలికమ్మను కౌగిలించుకోబోయి, ఎక్కడ పట్టుకోవాలో తెలియక ఆగిపోయాడు.

ఎర్రక్క అవేవీ చూడలేదు. పిల్లల్ని ఒక్కొక్కటిగా నోట కరుచుకొచ్చి చెలమ అంచున దించింది. మూడూ మూతులు ముంచి తాగాయి.

కాసేపటికి వెనక నుంచి గండప్ప బొంగురుగా అన్నాడు. "ఎర్రక్కా, నాకూ దాహంగా ఉంది."

ఎర్రక్క తల కూడా తిప్పలేదు. "వరసలో కుందేలు వెనక నిలబడు. నీ వంతు వస్తుంది" అంది.

నీతి: నీ విద్య ఎంత గొప్పదో చాటుకోవడం కంటే, అది ఎక్కడ ఆగిపోతుందో తెలుసుకుని అక్కడి నుంచి నేర్చుకోవడం మేలు.