ఆగిన మీటరు

చిదంబరమ్మగారిని ఎవరైనా సందేహం అడిగితే వెంటనే జవాబు చెప్పేవారు కాదు. ఏదో ఒక పని పురమాయించేవారు. చింతపల్లి కొండమీది ఆమె ఆశ్రమంలో మూడు నెలలుగా ఉంటున్న గవరయ్యకు ఆ సంగతి తెలుసు. అయినా ఒక ఉదయం ఉండబట్టలేక అడిగేశాడు.

"అమ్మా, నా నాలుగేళ్లు మట్టిలో కలిసిపోయాయి. వాటిని ఏం చేసుకోమంటారు?"

నాలుగేళ్ల కిందట అతను నర్సీపట్నంలో పేరున్న మెకానిక్కు. ఒకరోజు తొందరలో బ్రేకు పైపు సరిగా బిగించకుండానే ఒక జీపును పంపించేశాడు. ఘాట్‌రోడ్డులో అది బోల్తాపడి ఇద్దరు పోయారు. ఆనాటి నుంచి గవరయ్య పానా పట్టలేదు, స్టీరింగు ముట్టలేదు.

"మన కారుకి కిలోమీటర్ల మీటరు ఆగిపోయిందయ్యా. ఆయిలు ఎప్పుడు మార్చాలో తెలియడం లేదు. కాస్త చూడు" అన్నారామె.

"నా చేత్తోనా, అమ్మా?"

"ఇక్కడ ఆ పని వచ్చినవాడివి నువ్వే."

అది ముప్పయ్యేళ్ల నాటి బండి. మీటరు విప్పేసరికే అతని చొక్కా తడిసిపోయింది. లోపల గోరంత పళ్లచక్రం వదులై, ఇరుసు మీద ఊరికే జారుతోంది. దాన్ని ఊడదీసి, జిగురు పెట్టి మళ్లీ ఎక్కించాలి. రెండుసార్లు వేళ్లలోంచి జారిపోయింది. మూడోసారికి కుదురుగా కూర్చోబెట్టాడు. మర్నాడు మీటరు బిగించి, ఎవరూ అడక్కుండానే కారు కిందికి దూరి బ్రేకులన్నీ చూసుకుని వచ్చాడు.

"ఏదీ, నడిపి చూపించు" అంటూ చిదంబరమ్మగారు ముందు సీట్లో కూర్చున్నారు.

ఘాట్‌రోడ్డు దిగుతున్నారు. మీటరులో 61,408. గవరయ్య కళ్లు దాన్ని వదలడం లేదు. ఒక వంపు దాటింది. అంకె కదల్లేదు. రెండో వంపు దాటింది. కదిలిందా? లేదా?

"గవరయ్యా!"

ఎదురుగా బస్సు. కాలు తనంతట తానే బ్రేకు మీద పడింది. కారు పిట్టగోడకు జానెడు దూరంలో ఆగింది. బస్సు హారను మోగించుకుంటూ పక్కనుంచి పోయింది. "బండి పోనీ" అన్నారామె, అంతే.

మళ్లీ కదిలారు. ఇంకో వంపు తిరిగాక ఎనిమిది మెల్లగా పైకి జరిగి తొమ్మిది వచ్చి కూర్చుంది.

"పనిచేస్తోందమ్మా!" అన్నాడు గవరయ్య. "కానీ ఇది ఆగాక బండి ఎంత తిరిగిందో ఎవరికీ తెలియదు. ఉజ్జాయింపుగా ఒక ఇరవై వేలు కలపమంటారా? లేకపోతే మొత్తం సున్నాకి తిప్పేసి కొత్తగా మొదలుపెట్టనా?" అడుగుతూనే అతను మళ్లీ మీటరు వైపు వంగాడు.

చిదంబరమ్మగారు కొంగుతో అద్దం మీది మంచు తుడిచారు.

"దాన్ని ముట్టుకోకు, తిరుగుతోందిగా. నువ్వు రోడ్డు చూడు" అన్నారు.