నాంచారి బండి నేర్చిన మూడు పున్నములు

అనగనగా ఒక కొండ. కొండకి ఈవల ఒక ఊరు, ఆవల ఒక సంత. ఊరి పేరు కుమ్మరిపాడు, సంత పేరు సిరిపేట సంత. రెంటికీ నడుమ కనుమ దారి. కథంతా ఆ దారి మీదే నడుస్తుంది కాబట్టి ముందు దాని సంగతి చెప్పుకుందాం.

ఆ దారి ఒక్క బండి పట్టేంత వెడల్పు. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. ఎదురుగా బండి వస్తే పైకెక్కే బండే వెనక్కి తగ్గాలి. అందుకని కొండ పక్కన అక్కడక్కడ బండి ఒదిగేంత గూళ్ళు తవ్వి ఉంచారు. ఎద్దుల్ని ముందుకు తోలడం ఎవరికైనా వస్తుంది. వెనక్కి నడిపించి, ఆ గూట్లో బండిని ఒదిగించడమే ప్రాణం మీదికొచ్చే పని.

రెండు బండ్లు లోయలో పడ్డాక రాజుగారు ఒక కట్టడి చేశారు. కొత్తగా బండి తోలేవారు పున్నమి నాటి ఉదయం, దారిని కాసే కనుమ పెద్ద ఎదుట పరీక్షకు నిలబడాలి. బండిలో అంచుదాకా నీళ్ళు నింపిన బాన పెడతారు. బాన లోపల ఒక ఎర్రగీత ఉంటుంది. పైనుంచి ఒక ఉప్పుబండిని ఎదురు పంపిస్తారు. బండి దిగకుండా దానికి దారి ఇచ్చి తిరిగి వచ్చేసరికి నీళ్ళు ఆ గీత కిందికి దిగకూడదు. దిగితే మళ్ళీ పున్నమికే. నెగ్గినవారికి ఒక రాగి బిళ్ళ ఇస్తారు. బిళ్ళ లేని బండి కనుమ ఎక్కడానికి వీల్లేదు.

కుమ్మరిపాడులో నాంచారి అనే ఆవిడ ఉండేది. ఆమె సారె తిప్పి కుండలు చేస్తే, మొగుడు వెంగయ్య వాటిని బండి మీద సిరిపేటకు తోలి, కుండకు కుండెడు గింజలు తెచ్చేవాడు. ముప్ఫై ఏళ్ళు కుండలు కాల్చే ఆవం పొగలో కూర్చున్నందుకో ఏమో, వెంగయ్య కళ్ళకు పొర కమ్మింది. మొదట దూరం పోయింది, తరవాత దగ్గర పోయింది. ఒకరోజు అన్నం కంచం అనుకుని పీట మీద చెయ్యి పెట్టాడు. ఆ రోజు నుంచి బండి ఎక్కడం మానేశాడు.

కుండలు పెరట్లో గుట్టలుగా పెరిగాయి. గాదెలో గింజలు అడుగంటాయి. వానలు మొదలైతే కనుమ నాలుగు నెలలు మూసేస్తారు. ఈలోగా బండి దాటకపోతే ఎద్దుల్ని అమ్ముకుని, మరిది ఇంటికి పోయి, అతని సారె తిప్పుతూ అతను పెట్టింది తినాలి. నాంచారికి అన్నిటికన్నా ఆ చివరిదే మింగుడు పడలేదు. వానలకు ముందు మూడు పున్నములున్నాయి. నలభై ఆరేళ్ళ వయసులో ఆమె బండి నేర్చుకోవడానికి కూర్చుంది.

మొదట్లో ఆమె ఉత్సాహం చూడాలి. ఎద్దులకు పసుపు రాసింది, కొమ్ములకు బంతిపూలు చుట్టింది, ఇరుసుకు ఆముదం పట్టించింది. వెంగయ్య అరుగు మీద కూర్చుని చెప్పేవాడు, పగ్గం గట్టిగా పట్టుకోమని. పక్కింటి తిప్పన్న, ఊళ్ళో పేరున్న బండివాడు, అతనూ అదే చెప్పాడు. ఊరి చివర నూనె గానుగాయన బండి తోలిన పాపాన పోలేదు, అయినా అతనూ అదే చెప్పాడు. అందరి మాటా విని నాంచారి పగ్గాలు ఎంత గట్టిగా పట్టిందంటే, సాయంత్రానికి కుడిచేతి వేళ్ళు చాచడం రాక ముద్ద ఎడమచేత్తో తిన్నది.

ఫాల్గుణ పున్నమి వచ్చింది. గుండెనిండా ఉత్సాహంతో బండి తోలుకు వెళ్ళింది. ఉప్పుబండి ఎదురైంది. వెనక్కి తగ్గాలని రెండు పగ్గాలూ లాగింది. ఎద్దులు తలలు పైకెత్తి, చిందులు తొక్కి, బండి వెనక భాగాన్ని కొండకేసి కొట్టాయి. బాన బోర్లా పడింది. గీత సంగతి దేవుడెరుగు, చుక్క నీరు మిగల్లేదు.

మర్నాడు ఆమె లేచేసరికి ఆ ఉత్సాహం ఇంట్లో ఎక్కడా లేదు. పూలు కూడా వాడిపోయాయి. దాని బదులు రోషం వచ్చింది. ముందురోజు తడిసిన చీరతో ఊళ్ళోకి వస్తుంటే ఎవరు నవ్వారో ఆమె ఒక్కొక్కరినీ గుర్తు పెట్టుకుంది. గానుగాయన నవ్వాడు. తిప్పన్న నవ్వలేదు కానీ మొహం పక్కకి తిప్పుకున్నాడు, అది ఇంకా మండింది. వీళ్ళందరికీ చూపిస్తానని నెలంతా పళ్ళు బిగించి బండి తోలింది. రోషం మంచి వంటచెరుకే, భగ్గున మండుతుంది. కాని నెలరోజులు వంట కాదు దాని మీద.

చైత్ర పున్నమినాడు బండి గూటిదాకా వెళ్ళింది. సగం ఒదిగింది కూడా. అక్కడ ఒక చక్రం రాతికి తగిలి బిగుసుకుంది. నాంచారి లాగింది, ఇంకా లాగింది, చివరికి ఎద్దులు కదలడమే మానేశాయి. కనుమ పెద్ద పంపిన మనుషులు వచ్చి ఎద్దుల్ని విప్పి బండిని చేతుల మీద దింపారు. నీళ్ళు గీతకు జానెడు కిందికి దిగాయి.

ఆ తరవాత ఆమెకు రోషం కూడా రాలేదు. పొద్దున్నే లేచి మట్టి తొక్కడం, సారె తిప్పడం, వెంగయ్యకు నీళ్ళు తోడిపెట్టడం, జావ కాచడం, మధ్యాహ్నం ఎండలో బండి. ఒళ్ళంతా పుండులా ఉండేది. పశువుల బేరగాడు బసివిగాడు వచ్చి అరుగు మీద వెంగయ్యతో ఏదో మాట్లాడి వెళ్ళాడు. ఆమె అడగలేదు. వెంగయ్యే చెప్పాడు, వైశాఖ పున్నమికి కూడా కాకపోతే ఎద్దుల్ని ఇచ్చేస్తానని మాట ఇచ్చానని. ముసలి ఎద్దుల్ని బేరగాడు దున్నడానికి కొనడని ఇద్దరికీ తెలుసు.

ఆ మధ్యాహ్నం నాంచారి బండి కట్టలేదు. కాడి పక్కన నేల మీద చతికిలబడింది. కాడికి ఎడమ పక్కన నడిచే దాపటి ఎద్దు చుక్కన్న నీడలో నెమరేస్తూ నిలబడి ఉంది. ఆ కాలంలో ఎద్దులు మాట్లాడేవి. అడిగితేనే మాట్లాడేవి, అడిగేవాళ్ళు తక్కువ.

"చుక్కన్నా, పదహారేళ్ళుగా ఈ కాడి మోస్తున్నావు. నీకు విసుగు రాదా?" అని అడిగింది నాంచారి.

చుక్కన్న నెమరు ఆపి ఆమెవైపు చూసింది. "రాకేమమ్మా, రోజూ వస్తుంది. నువ్వు కాడి ఎత్తగానే వస్తుంది. వాగు దాటేదాకా నాతోనే నడుస్తుంది. కొన్ని రోజులు వాగు దాటాక కూడా వస్తుంది."

"మరి ఎట్లా నడుస్తావు?"

"దాన్ని వెళ్ళగొట్టాకే నడుద్దామనుకుంటే నేను ఈ కొట్టంలోనే ముసలయ్యేవాణ్ణి. దాని పాటికి అది వస్తుంది, నా పాటికి నేను నడుస్తాను. నువ్వేమో ఉత్సాహం వస్తే గానీ బండి కట్టకూడదనుకుంటున్నావు. అది చుట్టం లాంటిది తల్లీ. వచ్చిన రోజు సంతోషమే. రాలేదని పొయ్యి వెలిగించడం మానేస్తామా?"

ఎద్దుకు కూడా తనంత అలసట ఉందని నాంచారికి ఎన్నడూ తోచలేదు. సిగ్గేసింది. కొంచెం ఊరట కూడా కలిగింది.

"ఇంకొక్క మాట," అంది చుక్కన్న. "నీ చేతులు పగ్గాన్ని మట్టిని పట్టినట్టు పడుతున్నాయి. సారె మీద మట్టిని వదిలితే కూలుతుంది, నిజమే. నేను మట్టిని కాను. నువ్వు లాగితే వెనక్కి అడుగేస్తాను. వేశాక వదిలితే, సరిగ్గానే వేశానని నాకు తెలుస్తుంది. నువ్వు ఎప్పుడూ లాగుతూనే ఉంటే నేను చేసింది తప్పో ఒప్పో నాకెట్లా తెలియాలి?"

నాంచారి తన చేతులు చూసుకుంది. ముప్ఫై ఏళ్ళు మట్టి మీంచి ఎత్తని చేతులు. కుండ చేసేవాళ్ళకు తప్ప ఇంకెవరికీ రాని తప్పు అది. "ఈ ముక్క ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అంది.

"ఊళ్ళో అందరినీ అడిగావు, గానుగాయనతో సహా. నన్ను అడగలేదు," అంది చుక్కన్న, మళ్ళీ నెమరు మొదలుపెట్టింది.

ఇంతటితో ఆమెకు కొత్త బలం వచ్చేసిందని మీరు అనుకుంటారు. రాలేదు. మర్నాడు కూడా ఒళ్ళు నొప్పులే. కాకపోతే ఆ రోజు బండి కట్టి వాగుదాకా వెళ్ళి వచ్చింది. ఆ మర్నాడూ వెళ్ళింది. లాగడం, అడుగు పడగానే వదలడం. లాగడం, వదలడం. పది అడుగులు వెనక్కి నడిపేసరికి ఒక ఘడియ పట్టేది. ఒకనాడు చేతులు పాత అలవాటుకు పోయి బండి కంచెలో దూరింది. ఒకనాడు వడగాలికి సగంలోనే తిరిగొచ్చింది. ఒకనాడైతే బండి కట్టి, ఎక్కి కూర్చుని, ఎక్కడికీ పోకుండా కాసేపు ఏడ్చి, దిగి ఎద్దుల్ని విప్పేసింది. ఇవాళ దండగైందని ఆమె గొణుక్కుంటే, బండైతే కట్టావుగా, అదీ లెక్కలోదే అంది చుక్కన్న.

వైశాఖ పున్నమి వచ్చింది. ఈసారి పసుపూ లేదు, పూలూ లేవు. ఎవరికీ చూపించాలనీ లేదు. కనుమ కింద బసివిగాడు భుజాన రెండు పలుపుతాళ్ళు వేసుకుని చింతచెట్టు నీడలో కూర్చుని ఉన్నాడు. వెంగయ్య కర్ర పొడుచుకుంటూ వచ్చి అతని పక్కనే కూర్చున్నాడు. నాంచారి ఆ తాళ్ళను చూసింది. చూసి, బండి పైకి తోలింది.

రెండో మలుపు దగ్గర ఉప్పుబండి ఎదురైంది. గూడు వెనక పాతిక అడుగుల దూరంలో ఉంది. లాగింది. చుక్కన్న ఒక అడుగు వేసింది. వదిలింది. మళ్ళీ లాగింది. జతెద్దు ఒక అడుగు వేసింది. వదిలింది. బండి వంకర తిరిగి లోయవైపు జరిగింది. చక్రం కింది గులకరాళ్ళు జారి లోయలో పడ్డ చప్పుడు కిందున్న వెంగయ్యకు కూడా వినిపించింది. అతను లేచి నిలబడ్డాడు. ఎటు చూడాలో తెలియక గాలిలోకే చూశాడు.

నాంచారి చేతులు బిగుసుకోబోయాయి. నిజం చెప్పాలంటే బిగించే ఓపిక ఆమెకు లేదు. పగ్గాలు వదులు చేసింది. ఎద్దులు నాలుగు అడుగులు ముందుకొచ్చేసరికి బండి చక్కబడింది. మళ్ళీ వెనక్కి. మళ్ళీ వంకర. మళ్ళీ ముందుకు. ఉప్పుబండివాడు విసుక్కున్నాడు. ఆమె పట్టించుకోలేదు, ఎందుకంటే విసుగంటే ఆమెకు ఇప్పుడు భయం లేదు. మూడోసారికి బండి గూట్లో ఒదిగింది. ఉప్పుబండి పక్కనుంచి దాటిపోయింది.

కిందికి వచ్చాక కనుమ పెద్ద బానలోకి వంగి చూశాడు. నీళ్ళు గీత మీద వెంట్రుకవాసి ఎత్తున నిలిచి ఉన్నాయి.

"ఇంత నెమ్మదిగా తోలినవాళ్ళను నేను చూడలేదమ్మా," అన్నాడు.

"తొందరగా తోలే ఓపిక లేదయ్యా," అంది నాంచారి.

అతను నవ్వి రాగి బిళ్ళ తీశాడు. రెండుసార్లు ఓడిపోయి కూడా మూడు నెలలు ఆ ఉత్సాహం ఎలా నిలుపుకున్నావని అడిగాడు.

"నిలుపుకోలేదయ్యా. అది మొదటి పున్నమికే అయిపోయింది. ఆ తరవాతివన్నీ ఉత్త రోజులే. ఉత్త రోజుల్లోనే నేర్చుకున్నాను."

బసివిగాడు తాళ్ళు చుట్ట చుట్టుకుని వెళ్ళిపోయాడు. నాంచారి వెళ్ళి బిళ్ళను వెంగయ్య అరచేతిలో పెట్టింది. అతను దాన్ని వేళ్ళతో తడిమి తడిమి చూశాడు. అంచులు తడిమాడు, నడుమనున్న రాజముద్ర తడిమాడు. తరవాత, ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది, పదిమందిలో పెళ్ళాం భుజం మీద తల ఆన్చి ఏడ్చాడు. ఆమెకూ ఏడుపొచ్చింది. చుక్కన్న మాత్రం ఈ సంబరం త్వరగా అయితే ఇంటికి పోయి నీళ్ళు తాగుదామన్నట్టు నిలబడింది.

మర్నాడు సిరిపేట సంత. కోడి కూసేసరికి నాంచారికి మెలకువ వచ్చింది. బిళ్ళ వచ్చిందని ఒళ్ళు నొప్పులు తగ్గలేదు, దారి తగ్గలేదు. ఇంకాసేపు పడుకుంటే బాగుండుననిపించింది. లేచి, కుండల మధ్య గడ్డి కూరి, వెంగయ్యను చెయ్యి పట్టి బండెక్కించి, కాడి ఎత్తింది. ఆ రోజు పొద్దుగూకకముందే గాదెలో గింజలు పడ్డాయి.

ఉత్సాహం ఉన్న రోజున ఎవరైనా బండి కడతారు. లేని రోజున కూడా కట్టినవారికే దారి వశమవుతుంది.