నడి వంతెన మీద పూలదండ

మంత్రసాని ఓబులమ్మది వాగు ఒడ్డున ఉన్న చిన్న పల్లె. వానాకాలంలో వాగు పొంగితే అవతలి పేటకు దారి ఉండేది కాదు. ఒక ఏడాది వానల్లో, అవతల నొప్పులు పడుతున్న ఒక ఇల్లాలి దగ్గరికి ఆమె ఈదుకుంటూ చేరేసరికి ఆలస్యమై, బిడ్డ దక్కలేదు. వంతెన కోసం ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా మంత్రి విరూపాక్షయ్య "చూద్దాంలే" అనేవాడు. చివరికి ఒక్క రాయైనా వేయించకుండానే వంతెన కట్టించేశానని రాజుగారితో చెప్పేశాడు.

ఆ సంగతి తెలిసి ఊరంతా మండిపడింది. ఓబులమ్మ మాత్రం కొలువుకు వెళ్లి రాజుగారికి దండం పెట్టింది.

"మహాప్రభూ, వంతెన కట్టించిన మంత్రిగారికి సన్మానం చేసుకుంటాం. వైశాఖ పున్నమినాడు నడి వంతెన మీద తమరి చేతులతోనే ఆయనకు దండ వేయించాలని మా కోరిక."

రాజుగారు సంతోషించి తప్పక వస్తానన్నారు. పక్కనే ఉన్న మంత్రికి తల ఊపక తప్పలేదు. కాదంటే అబద్ధం బయటపడుతుంది. పున్నమికి ఇంకా మూడు నెలలే ఉన్నాయి. మర్నాడే రాళ్లబండ్లు కదిలాయి. మంత్రి స్వయంగా ఎండలో నిలబడి పని చేయించాడు.

పున్నమినాటికి వంతెన సిద్ధమైంది. రాజుగారు దండ వేశారు. రెండు ఒడ్ల జనమూ మనసారా జేజేలు పలికారు.

మంత్రి ఓబులమ్మను పక్కకు పిలిచాడు. "నా అబద్ధం ఆ రోజే రాజుగారితో చెప్పలేదేం?"

"చెబితే తమరికి శిక్ష పడేది బాబుగారూ, మాకు వంతెన వచ్చేది కాదు. ఆ రోజు కొలువులో ఉత్తుత్తినే పొగిడాను. ఈ దండం మాత్రం నిజంగా పెడుతున్నాను" అంటూ ఓబులమ్మ చేతులు జోడించింది.