చీము పట్టని గాయం

ఒక పశువుల పరిశోధనాలయంలో పరాంకుశం అనే డాక్టరు ఉండేవాడు. చదువులో దిట్టే గాని, ఎవరైనా ఎదురు చెబితే చాలు, ఒంటికాలి మీద లేచేవాడు.

ఒక దూడ చర్మం ఇంకో దూడకు అతికిస్తే నిలవదు. నెత్తుట్లోని తెల్లకణాలు ఒంటికి కాపలావాళ్ళు, పరాయిదాన్ని ఉండనివ్వవు. పరాంకుశం ముత్యం అనే దూడకు అరచేయంత పరాయి చర్మం అతికించాడు. రోజూ దాని మెడకు పెట్టిన గొట్టంలోంచి నెత్తురు బయటికి తెచ్చి, కిరణాల పెట్టె గుండా పోనిచ్చి, మళ్ళీ ఒంట్లోకి పంపేవాడు. కిరణాలు తగిలి తెల్లకణాలు చచ్చేవి. పదిహేను రోజులైనా అతుకు ఊడలేదు. ఇంకేం, ఆయన కాళ్ళు భూమ్మీద ఆనలేదు!

"సార్, తెల్లకణాలు మరీ పడిపోయాయి. ఇక ఆపేద్దాం," అంది చిన్న డాక్టరు నసీమా.

"నాకే పాఠాలు చెబుతావా?" అని గయ్యిమన్నాడు. పాపం, ఆ పిల్ల మళ్ళీ నోరెత్తలేదు.

ముత్యాన్ని సీసాపాలు పట్టి పెంచింది కొట్టంలో పనిచేసే ఎస్తేరమ్మ. ఆమె కూడా ఒకరోజు వచ్చి నిలబడింది.

"అయ్యగారూ, దూడ నిన్నటి నుంచి తవుడు ముట్టలేదు. ఆ మెడ దగ్గర గొట్టం పెట్టిన చోట..."

"చూశాను. ఎరుపు లేదు, వాపు లేదు, చీము లేదు. భేషుగ్గా ఉంది. నీకెందుకమ్మా ఈ సంగతులు? వెళ్ళి పేడ ఎత్తు."

ఎస్తేరమ్మ పేడతట్ట తీసుకుని వెళ్ళిపోయింది.

మూడోనాడు పడుకున్న దూడ లేవలేదు. పరాంకుశం పరుగెత్తుకొచ్చాడు. మందులు ఎక్కించాడు. "లేవే తల్లీ, లేవే!" అని బతిమాలాడు. మధ్యాహ్నానికి అది కన్నుమూసింది. అతుకు మాత్రం చెక్కుచెదరలేదు. నెత్తురు పరీక్షిస్తే, గొట్టం పెట్టిన గాయంలోంచి క్రిములు ఒళ్ళంతా పాకాయని తేలింది.

"గాయం అంత శుభ్రంగా ఉందే!" అన్నాడాయన నమ్మలేక.

"క్రిములతో పోరాడేవాళ్ళుంటేనే సార్, వాపైనా చీమైనా," అంది నసీమా. "వాళ్ళను మనమే చంపేశాం."

"మరి ఈ ముక్క నాకు ముందే ఎందుకు చెప్పలేదు?"

ఎస్తేరమ్మ కొంగుతో దూడ మూతి తుడుస్తోంది. తలెత్తకుండానే అంది: "మా నోళ్ళు కూడా మీరే మూయించారు గదయ్యా."

పరాంకుశం ఆ గడ్డిలోనే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఎదురు చెప్పేవాళ్ళు లేనంత మాత్రాన అంతా క్షేమమని కాదు. వాళ్ళ నోరు మూయించినవాడికి ఆపద ఇంట్లోకి వచ్చి కూర్చున్నా తెలియదు.