ఊకొట్టమ్మ గుండు

పూర్వంలో, రాజులు గుర్రాల మీద తిరిగే కాలంలో, మా జంగాల్లో పర్వతయ్య అని ఒకాయప్ప ఉండె. తంబుర భుజానేసుకొని కత ఎత్తుకున్నాడంటే పాలు తాగే బిడ్డ కూడా తల తిప్పి చూసేదంట. పెండ్లాం నీలమ్మ పక్కన కూకొని బుడిగె వాయిస్తా వంత పాడేది. ఆయప్ప ఆగిన కాడల్లా "ఊఁ, ఆ తరువాత?" అని కతను ముందుకు తోసేది ఆయమ్మే. ఏటా పంట కళ్ళాల్లో ఉన్నప్పుడు ఇద్దరూ మన తవ్వలదొడ్డికి వచ్చేది, కతలు చెప్పేది, గింజలు మూటగట్టుకొని పోయేది.

ఒక యేడు వచ్చేటప్పటికి పొలిమేరలో వేపమండలు కట్టిండారు. ఊరికి గత్తర రోగం తగిలిండాది. తలారి దూరం నుంచే కేకలేసె. "పర్వతయ్యా, రావాకు! ఇంటికొకరు పడుండారు. కత వినేటోళ్ళు యాడుండారప్పా, యెనక్కి పో!"

"పోదాం పద మామా" అనె నీలమ్మ. ఆయప్ప కదల్లేదు. "మంచి యేడు గింజలు తిని చెడ్డ యేడు మొగం చాటేస్తే మనం కతగాళ్ళమా, కాకులమా?" అని పొలిమేరలో పెద్ద రాతిగుండు కింద కూకొని తంబుర మీటె. పడకేసినోళ్ళ చెవిన పాట పడితే చాలనుకున్నాడు.

అంతలో ఒక ముసలామె, చంకలో చేట, చేతిలో పొరక పట్టుకొని ఊరి దిక్కు పోతాండె. పోతా పోతా కత చెవిన బడి, గుండుకు ఆనుకొని కూకునె. అంత ఎండలోనూ ఆమె నీడ నేల మీద పడలే. ఆమె ఎవరో పర్వతయ్యకు తెలిసిపాయ. గత్తరమ్మ తల్లే నాయనా, మిగిలినోళ్ళను ఊడ్చుకొని పోను వచ్చిండాది.

కతకు ఒక కట్టడి ఉండాది. మంగళం పాడేదాకా కూకున్నోళ్ళు లేయగూడదు. రాజైనా అంతే, దేవతైనా అంతే. ఆ కట్టడిని నమ్ముకొని పర్వతయ్య కత మీద కత ఎత్తుకునె. పొద్దు గూకె, మళ్ళ పొద్దు పొడిచె. రాజులు అయిపాయ, రాణులు అయిపాయ, గొంతు ఎండిపాయ. పక్కన బుడిగె దెబ్బ సన్నగిల్లె. తిరిగి చూస్తే నీలమ్మ కండ్లు గుంటలు పడిండాయి. ఆయమ్మకూ తగిలిండాది.

"ఏం జంగమయ్యా, సరుకు అయిపాయనా? మంగళం పాడు, నాకు ఊర్లో పనుండాది" అని ముసలామె పొరక అందుకునె.

నీలమ్మే, లేని ఓపిక తెచ్చుకొని, "రాజులు అయిపోతే ఏమి మామా? ఈ ఊర్లో మనుషులు లేరా? కుమ్మరి చెన్నప్ప సంగతి చెప్పు" అనె.

దోవలో చెవిన బడిన సంగతి ఎత్తుకునె ఆయప్ప. చెన్నప్ప పులుసులో ఉప్పు లేదని పెండ్లాం మీద అలిగినాడు. ఆమెతో మాట్లాడనని ఒట్టు పెట్టుకొని, ఏం కావాల్నన్నా గాడిదతో చెప్తాడు. "ఓ గాడిదా, ఆమెను నీళ్ళు పెట్టమను." ఆమె తక్కువదా? "ఓ గాడిదా, రెండు గాడిదలకూ పెట్టినా, తాగండి" అంటాది.

ముసలామె పకపకా నవ్వె. చేతిలో పొరక జారిపాయ. "ఊఁ, ఆ తరువాత? మాట్లాడుకునిరా?"

"కూతురు నీళ్ళాడే దినాలమ్మా. మనవడు పుడితే మాట్లాడక యాడికి పోతాడని ఊరంతా చూస్తాండాది. ఇప్పుడు చెన్నప్ప గత్తరతో పడుండాడని తలారి కేకేసె. కత ఆడికే నిలిచిపాయ. తరువాతది నీ చేతిలో ఉండాది తల్లీ."

ఆమె పొరకను పక్కకు నెట్టె. తరువాత పక్కింటి సంగతి అడిగె, ఆ పక్కది అడిగె. ఏ ఇంటి కత జూసినా సగంలోనే ఉండాది. కడకు, "ఈ బుడిగె కొట్టే పిల్ల కత ఏంది?" అనె.

పర్వతయ్య తంబుర కింద పెట్టేసె. లోకం కతలన్నీ తెలిసినోడు, ఆ కత ఎత్తుకోలేకపాయ. "ఆమె ఊఁ అంటేనే నాకు మాట వచ్చేది తల్లీ. ఆమె కత ఎవరు ఊఁ అంటే చెప్పల్ల?"

ముసలామె లేసి నీలమ్మ నొసట చెయ్యి పెట్టె. "నువ్వు పండుకో మే. నీ బదులు నేను ఊఁ కొడతా. ఏటా వచ్చి వీళ్ళ తరువాతి సంగతులు చెప్పండి. మంగళం మాత్రం పాడొద్దు" అని గుండులోకి పాయ. ఊర్లో పడినోళ్ళు లేసి గంజి అడిగిరి. నీలమ్మ నిద్ర లేసి బుడిగె యాడ అనె.

అందుకే ఆయమ్మ ఊకొట్టమ్మ. ఇప్పటికీ ఆడ రాజుల కతలు చెప్పరు. ఎవరికి బిడ్డ పుట్టె, ఏ అత్తాకోడళ్ళు పొయ్యి వేరు పెట్టుకునిరి, ఇవే చెప్తారు. మా ఇంటాయన తంబుర పట్టిన కాలంలో అయితే, తన సంగతి రాలేదని శెట్టి పెండ్లాం అలిగి, చాప చుట్టుకొని లేసిపోయేది! ఎంత జనం, ఎంత నవ్వు. నేను పక్కన బుడిగె కొట్టేదాన్ని. గుండులో నిలువునా చీలిక ఉండాది. గాలి తోలితే ఊఁ అంటాది.

ఈయేడు తంబుర పట్టేటోడు లేడు. మొన్న నేనే పోయి కూకొని ఊరి సంగతులన్నీ చెప్పినా. మా ఆయన సంగతి ఎత్తుకొని, సగంలోనే బుడిగె కింద పెట్టేసినా. అప్పుడు గాలి యాడుండెనో యేమో, గుండు ఊఁ అనె.

మళ్ళ ఎత్తుకున్నా.